కనేరి గొంతు

భివండిలో మా కనేరి పేటలో ఇప్పుడు గిన్నెలు మోగడం లేదు. అమ్మను నా దగ్గరికి తీసుకుపోదామని మొన్న వెళ్లి గది తలుపు తీయగానే నాకు ముందుగా తెలిసింది అదే. మా గదికీ పక్క కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. గోడకు అవతల సాంచాలు నడుస్తుంటే (మరమగ్గాలను మావాళ్లు అట్లాగే అంటారు) ఇవతల చెక్క అల్మారాలో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి పొద్దస్తమానం వణికేవి. అవి జరిగి జరిగి కింద పడకుండా అమ్మ ఒక పాత చీర ముక్కను మడతలు వేసి వాటి కింద పరిచేది. ఆ సాంచాలను ఎప్పుడో తూకానికి అమ్మేశారు. అక్కడిప్పుడు గోదాము, అట్టపెట్టెలు వస్తాయి, అట్టపెట్టెలు పోతాయి. అయినా గిన్నెల కింద గుడ్డ అట్లాగే ఉంది, నిన్ననే ఉతికి ఆరేసినంత శుభ్రంగా. "ఇంకా ఎందుకే అమ్మా ఇది?" అని అడిగాను. అమ్మకు వినపడలేదు. నా గొంతు అమ్మకు వినపడక చాలా ఏళ్లయింది. నాయిన అయితే, వినకుండానే నెల కిందట వెళ్లిపోయాడు.

నాయిన పేరు కార్ఖానాలో ఎల్లయ్య, చర్చిలో యాకోబు. కరీంనగర్ దిక్కు నుంచి పెళ్లికి ముందే భివండి వచ్చి, వచ్చిన నాటి నుంచి సాంచాల మధ్యనే నిలబడ్డాడు. అమ్మ సువార్తమ్మ అదే కార్ఖానా వెనక వసారాలో మిషను మీద నూలు కండెలు చుట్టేది. నాకు బుద్ధి తెలిసేసరికే ఇద్దరికీ చెవులు సగం పోయాయి. నేను కాలేజీకి వచ్చేసరికి నాయినకు దాదాపు పూర్తిగా పోయాయి. అది జబ్బని మాకెవరికీ తోచలేదు. చేతులకు కాయలు కాసినట్టే చెవులకూ కాస్తాయనుకునేవాళ్లం. గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకు తప్ప ఎవరికీ చెవులు లేవు. కూరలో ఉప్పు తక్కువైందన్నా, నాకు కడుపులో నొప్పిగా ఉందన్నా, గొంతు చించుకుని చెప్పాల్సిందే. మేమేం వండుకున్నామో, ఎవరిమీద ఎవరం అలిగామో వరసలో ఉన్న గదులన్నిటికీ తెలిసేది, వాళ్లవి మాకూ తెలిసేవి. శుక్రవారం కరెంటు బంద్. ఆ రోజు సాంచాలు ఆగిపోతే ఊయలలో పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు. వాళ్లకు నిశ్శబ్దమే పెద్ద చప్పుడు.

పాలీ దిగి, అంటే షిఫ్టు ముగించుకుని, వచ్చిన నాయిన గుమ్మం బయటే నిలబడేవాడు. అమ్మ తువ్వాలుతో వీపు మీద దులిపితే దూది నుసి తెల్లగా లేచి, గాలిలో కాసేపు తేలి, చివరికి మా పప్పులోనే వాలేది. గంజి పులిసిన వాసన, సాంచాల నూనె వాసన, చింతపండు చారు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇల్లు. ఆదివారం నాయిన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చర్చిలో మొదటి వరసలో కూర్చునేవాడు, పాస్టరుగారి పెదవులు కనపడాలని. ఆ పెదవులు చూసి పాడేవాడు కాబట్టి పాటలో ఎప్పుడూ ఒక పాదం వెనకుండేవాడు. గొంతు మాత్రం అందరికంటే ముందుండేది. సంఘమంతా పాట ముగించి కూర్చున్నాక నాయిన ఒక్కడే నిలబడి చివరి పాదం పాడేవాడు. పాస్టరుగారు ఓపికగా ఆగేవారు. నాకు మాత్రం బెంచీ కిందికి దూరిపోదామనిపించేది.

కార్ఖానాలో నోటిమాట పనికిరాదు కనుక అక్కడ చేతిమాటలుండేవి. అరచేతిని ఛాతీ ముందు అటూ ఇటూ ఊపితే నడుస్తోందని, అంతా బాగుందని. రెండు వేళ్లు దగ్గరగా పట్టి చటుక్కున విడదీస్తే దారం తెగిందని. బొటనవేలిని చూపుడువేలి మీద తిప్పితే ముడేశానని, లేదా ముడెయ్యమని. ఆ మాటలు గోడ దాటి మా ఇంట్లోకీ వచ్చేశాయి. నేను పరీక్ష రాసి వస్తే నాయిన దూరం నుంచే గడ్డం ఎగరేసి అడిగేవాడు, నేను అరచేయి ఊపేదాన్ని. ఒకసారి లెక్కల్లో తప్పి, గుమ్మంలో నిలబడి వేళ్లు విడదీసి చూపించాను. ఆయన కాసేపు చూసి, బొటనవేలు తిప్పి, పళ్లెం నా ముందుకు జరిపాడు. అంతకుమించి తిట్టిందీ లేదు, ఓదార్చిందీ లేదు.

మరాఠీ బడిలో పదో తరగతి గట్టెక్కాక టౌన్లోని కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. పేదింటి పిల్లలకు త్వరగా ఉద్యోగం వస్తుందని పెట్టిన కోర్సు అది. రక్తపు చుక్కను గాజు పలక మీద పలచగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసిన రోజున నాకు ఇంక వేరే ఏ పనీ వద్దనిపించింది. ఆ గదిలో ఎంత నిశ్శబ్దమో! అయితే రెండో ఏడు ఊళ్లోనే ఏదో ఒక ల్యాబ్‌లో శిక్షణ పొంది, అక్కడివాళ్ల సంతకం తేవాలి. లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. "ఆపాపలీ జాగా శోధా," అన్నారు మా సర్, ఎవరి చోటు వాళ్లే వెతుక్కోమని. దివాలీ సెలవులు అయ్యేలోపు చోటు దొరకనివాళ్ల పేర్లు కొట్టేస్తానని కూడా అన్నారు. డాక్టర్ల బంధువుల పిల్లలు, మెడికల్ షాపులవాళ్ల పిల్లలు ఆ సాయంత్రానికే చోట్లు చూసుకున్నారు. మా బంధువుల్లో సూది మందు తెలిసినవాళ్లంటే పొడిపించుకున్నవాళ్లే.

కార్ఖానాలో పని పంచే ముకద్దంతో మాట్లాడి అమ్మ నాకోసం ఇంకో ఏర్పాటు చేసిపెట్టింది. "నా పక్క మిషను ఖాళీ అయితున్నది బిడ్డా. ఎవలకియ్యకుమని ముకద్దంకు జెప్పి పెట్టిన. నీకు గాడ దొరకకపోతే పరేషాన్ గాకు," అని అరిచి చెప్పింది, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమే నన్ను భయపెట్టింది. అమ్మ పక్కన ఆ మిషను నాకు కలలోకి వచ్చేది. దాని ముందు కూర్చుని నేను ఏదో అడుగుతుంటాను, అమ్మ "ఆఁ? ఆఁ?" అంటుంటుంది, చివరికి నేనూ "ఆఁ?" అనడం మొదలుపెడతాను. లేచి కూర్చుని నా చెవుల దగ్గర చిటికెలు వేసుకుని చూసుకునేదాన్ని.

వెతకడం మొదలుపెట్టాను. బజారు దగ్గరి ల్యాబ్‌లో కాంపౌండరు "కల్ ఆనా" అన్నాడు. మర్నాడు వెళితే మళ్లీ "కల్ ఆనా". ఆ రేపు ఎన్నాళ్లకూ ఈరోజు కాలేదు. ఎస్టీ బస్సుల స్టాండు దగ్గరి ల్యాబ్‌లో కౌంటరు ముందు నిలబడి, నమస్తే చెప్పి, నాకు ట్రైనింగు కావాలన్నాను. బల్ల వెనకాయన కళ్లద్దాలు తీసి, "చిల్లా క్యూం రహీ హై? ఝగడా కర్నే ఆయీ హై క్యా?" అన్నాడు. కూర్చున్న పేషంట్లందరూ నా వైపు తిరిగారు. నేను అరిచానా? పోట్లాటకొచ్చానా? నాకేమీ అర్థం కాలేదు. ఇంకోచోట ఒక నర్సమ్మ పెదవుల మీద వేలు పెట్టి గేటు దాకా సాగనంపింది. మరోచోట, ముందు మర్యాద నేర్చుకుని తర్వాత రక్తం పట్టడం నేర్చుకోమన్నారు. నా నల్ల ముఖం చూసి అంటున్నారేమో, నా చెప్పులు చూసి అంటున్నారేమో అనుకుంటూ, ప్రతి గుమ్మం ముందు ఇంకొంచెం గట్టిగా, ఇంకొంచెం స్పష్టంగా అడిగేదాన్ని.

నా అవస్థ చూసి ఒక శుక్రవారం నాయిన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నన్ను నిజాంపురాలో సేఠ్ ఇంటికి తీసుకుపోయాడు. కార్ఖానా ఓనరు తెలుగాయనే, మా జిల్లా ఆయనే. ఆయన బావమరిదికి నిజాంపురాలోనే ఒక ల్యాబ్‌లో వాటా ఉంది. సేఠ్ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయనకు కప్పులో వచ్చింది, మాకు గాజు గ్లాసుల్లో. నాయిన తన ఇంటి గొంతుతో, వీధి వీధంతా వినేలా నా సంగతి చెప్పాడు. సేఠ్ మంచిగానే విన్నాడు. నవ్వుతూనే నాయిన భుజం మీద చెయ్యి వేసి, "పిల్ల హుషారున్నది ఎల్లయ్యా. కని మా కులసంఘంల పిల్లలే ఇద్దరు లైన్ల ఉన్నరు. మనోళ్లను కాదని ఎట్ల పెడత, నువ్వే జెప్పు? ఏమనుకోకు," అన్నాడు. భివండిలో మరాఠీవాళ్ల ముందు, హిందీవాళ్ల ముందు మేమంతా మనోళ్లమే. సేఠ్ వరండాలో మాత్రం మనోళ్లు వేరే.

నాయినకు ఆ మాటల్లో ఒక్కటీ వినపడలేదు. ఆయనకు కనపడింది నవ్వు. తెలిసింది భుజం మీద చెయ్యి. చటుక్కున లేచి రెండు చేతులూ జోడించి, "మీ మేలు మర్వ సేఠ్! దేవుడు మిమ్ముల సల్లగ జూడాలె! మీ పిల్లలు మంచిగుండాలె!" అంటూ వంగిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు. సేఠ్ ముఖం మీది నవ్వు ఎటూ పోలేక అక్కడే ఉండిపోయింది. "నువ్వు జెప్పమ్మా," అని నాతో మెల్లగా అని, ఫోను వచ్చినవాడిలా లోపలికి వెళ్లిపోయాడు. ఫోను మోగిన చప్పుడు నాకైతే వినపడలేదు.

దారి పొడుగునా చెబుదామనే చూశాను. కాని నాయినకు ఒక మాట చెప్పాలంటే అరవాలి. నడివీధిలో, సేఠ్ మనల్ని మనోళ్లు కాదన్నాడని అరవాలి. నేను నోరు తెరిచేలోపే ఆయన ఎదురైన ప్రతివాణ్ణీ ఆపి, "మా రూతుకు దొరికిందే! సేఠ్ పెట్టించిండు!" అని చెబుతున్నాడు. చాయ్ బండివాడికి చెప్పాడు, పాన్ డబ్బావాడికి చెప్పాడు. గది చేరేసరికి మాకంటే ముందు కబురే చేరింది. వేళ్లు విడదీసి చూపిస్తే సరిపోయేది కదా అని ఇప్పుడు మీరనవచ్చు. ఆ ముఖం చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. అమ్మ అప్పటికే ముకద్దం దగ్గరికి వెళ్లి ఆ పక్క మిషను వేరేవాళ్లకిచ్చుకొమ్మని చెప్పి వచ్చింది. ఆ ఆదివారం పాస్టరుగారు నా పేరు చదివి కృతజ్ఞతా ప్రార్థన చేయించారు. అమ్మ పెద్ద గిన్నెలో పరమాన్నం వండి తెచ్చి అందరికీ పంచింది. "మన తెలుగు సంఘంలనుంచి మొదటి ల్యాబు పిల్ల," అని ఆడవాళ్లు నా తల నిమిరారు. నాయిన చివరి పాదం ఎప్పటికంటే గట్టిగా పాడాడు. నా వంతు పరమాన్నం పక్కనున్న పిల్లకు పెట్టేశాను. అదివరకు నాకు శిక్షణ మాత్రమే లేదు. ఇప్పుడు కండెల మిషను కూడా లేదు.

సోమవారం నుంచి డబ్బా కట్టుకుని బయల్దేరేదాన్ని. నాయిన గుమ్మంలో నిలబడి అరచేయి ఊపేవాడు, నేనూ ఊపేదాన్ని. మలుపు తిరిగాక నా కాళ్లకు దారి తెలిసేది కాదు. పొద్దున్నంతా ల్యాబులు, నర్సింగ్ హోములు, చివరికి కళ్లద్దాల షాపులు కూడా. మధ్యాహ్నం ఎస్టీ స్టాండులో మూటలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల మధ్య చోటు చూసుకుని అన్నం తినేదాన్ని, ఎక్కడికో బస్సెక్కబోయేదానిలాగా. మెతుకుల మీద వాలిన దూది నుసి చూస్తే ఏడుపొచ్చేది. సాయంత్రం అమ్మ అడిగేది: "ఏం నేర్పిండ్రు బిడ్డా?" కాలేజీలో నేర్చుకున్నదే మళ్లీ చెప్పేదాన్ని, వరసలోని గదులన్నీ మెచ్చుకునేవి. దివాలీకి సేఠ్ ఇంటి ముందు దీపాలు పెట్టారు, చర్చి ముందు కొందరు పిల్లలు టపాకాయలు కాల్చారు. సెలవులు అయిపోవస్తున్నాయి. సముద్రపు పాయ మీది ఖాడీ వంతెన మీద నిలబడి నీళ్లను చూసిన సాయంత్రాలున్నాయి. దాన్ని గురించి ఇంతకంటే రాయను.

స్టాండులో నన్ను పట్టుకుంది షబానా. నాతో చదివే పిల్ల. వాళ్ల మామ క్లినిక్‌లో దానికి చోటు దొరికింది. డబ్బా ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్న నన్ను చూసి పక్కన కూలబడింది. ఏడుస్తూ దానికంతా చెప్పాను. అది నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి చుట్టూ చూసింది. మూటల ఆడవాళ్లందరూ మా వైపే చూస్తున్నారు. ఒకామె చీర కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంటోంది. "రూత్, తూ బోల్తీ నహీ హై. తూ పుకార్తీ హై," అంది షబానా. నువ్వు మాట్లాడవు, కేకేస్తావు. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదా అని అడిగింది. ఎవరు చెబుతారు? మా బడిలో సగం మంది సాంచాల పిల్లలే. మేమంతా ఒకరినొకరం కేకేసుకుంటూ పెరిగాం. ప్రతి గుమ్మం ముందూ ఇంకొంచెం గట్టిగా అడిగిన సంగతి గుర్తొచ్చి నేను నవ్వాను, ఆ నవ్వు కూడా కేకే అయింది.

ఆ రోజు నుంచి షబానా నాకు మెల్లగా మాట్లాడటం నేర్పింది. నా పక్కనే కూర్చుని తనకు మాత్రమే వినపడేలా మాట్లాడమనేది. అవతలి బెంచీ మీద ముసలాయన తల తిప్పాడంటే మళ్లీ మొదటి నుంచి. అది ఎంత కష్టమో ఎవరికి చెబితే తెలుస్తుంది! మెల్లగా మాట్లాడితే నా మాట నాకే అబద్ధంలా వినపడేది. అలవాటు కావాలని ఇంట్లో కూడా మెల్లగానే మాట్లాడటం మొదలుపెట్టాను.  నాయిన నా పెదవుల వైపు చూసేవాడు. అవి కదులుతున్నాయి, ఆయనకేమీ అందడం లేదు. మొదట తన చెవులే పూర్తిగా పోయాయనుకుని చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. తర్వాత అమ్మ అరుపు కొంచెం అందుతున్నదని గమనించాడు. "నాతోని అలిగినవా బిడ్డా? నేనేమన్న అన్ననా?" అని అడిగాడు. లేదని తల ఊపాను. "గట్లయితే మాట్లాడుతలేవేంది?" అన్నాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

నార్పోలిలో ఒక సందు చివర చిన్న ల్యాబ్ ఉంది. నడిపేది ఒక మరాఠీ మేడమ్, ఒక్కతే. అంతకుముందు తలుపు మీద నిశ్శబ్దంగా ఉండమనే 'శాంతతా రాఖా' బోర్డు చూసి లోపలికి వెళ్లే ధైర్యం చేయలేదు. ఈసారి వెళ్లాను. గొంతును గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని, నమస్తే చెప్పి, ట్రైనింగు అడిగాను. ఆమె తలెత్తి చూసింది. ఆమెకు నాలో ఏ గొప్పా కనపడలేదని నాకు తెలుసు. అంతకుముందున్న అమ్మాయి చెప్పకుండా మానేసింది, సింకు నిండా గాజు గొట్టాలు పేరుకుపోయాయి, అంతే సంగతి. "శనివారం దాకా చూస్తాను. కడగాలి, తుడవాలి, నేను చెప్పినప్పుడే మైక్రోస్కోపు ముట్టుకోవాలి. నాకు గోల పనికిరాదు. గొంతు లేచిందా, ఆ రోజే ఆఖరు," అంది మరాఠీలో. సింకు ముందు నిలబడి నేను ఏడ్చింది ఆమెకు వినపడలేదు. అప్పటికి ఏడుపు కూడా మెల్లగా ఏడవడం వచ్చేసింది.

శుక్రవారం పొద్దున తొందరలో అన్నం డబ్బా ఇంట్లోనే మరిచిపోయాను. నాయినకు సెలవు. డబ్బా పట్టుకుని నిజాంపురాలో సేఠ్ బావమరిది ల్యాబ్‌కు వెళ్లాడట. అక్కడివాళ్లు ఆ పేరుగల పిల్ల ఎవరూ లేరన్నారు. వినపడకపోతే చెయ్యి అడ్డంగా ఊపి చూపించారు. కూతురు రోజూ డబ్బా కట్టుకుని ఎక్కడికి పోతున్నట్టు? ఆ తండ్రి మనసులో ఏమేం తిరిగి ఉంటాయో నేను తల్లినయ్యాకే ఊహించగలిగాను. లుంగీ మీదే, ఆ ఎండలో, కనపడ్డ ప్రతి ల్యాబ్ గుమ్మంలోనూ నిలబడి నా పేరు పెట్టి కేకేస్తూ భివండి అంతా తిరిగాడు. నేను నార్పోలిలో గాజు పలకలు తుడుస్తున్నాను. నిశ్శబ్దంగా కూర్చున్న పేషంట్ల మధ్య ఒక్కసారిగా కనేరి వచ్చి పడింది.

"రూతూ! ఓ బిడ్డా!"

మేడమ్ చేతిలో పైపెట్టు ఆగింది. నాయిన గుమ్మంలో ఉన్నాడు, జుట్టులో దూది, చేతిలో డబ్బా. నన్ను చూడగానే ఆయన తలుపు పట్టుకున్నాడు. "ఏడున్నవే బిడ్డా? గాడ లేవన్నరు! ఏమైంది? సేఠ్ పెట్టలేదా? ఏడికి పోతున్నవ్ రోజు?" ప్రతి ప్రశ్నా గాజు సామాను మీద రాయిలా పడుతోంది. మేడమ్ నా వైపు చూస్తోంది. జవాబు మెల్లగా చెబితే ఆయనకు వినపడదు. వినపడేలా చెబితే ఈ గుమ్మం కూడా పోతుంది.  అప్పుడు నా చెయ్యి దానంతటదే లేచింది. తడి వేళ్లు రెండు దగ్గరగా పట్టి చటుక్కున విడదీశాను. తెగింది. బొటనవేలిని చూపుడువేలి మీద తిప్పాను. ముడేశాను. అరచేతిని ఛాతీ ముందు అటూ ఇటూ ఊపాను. నడుస్తోంది.

నాయిన నా చేతినే చూస్తూ నిలబడిపోయాడు. సేఠ్ నవ్వు, భుజం మీద చెయ్యి, పరమాన్నం అన్నీ ఆయన ముఖం మీద ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి నడిచిపోవడం నేను చూశాను. తర్వాత ఆయనా చెయ్యెత్తి, చాలా నెమ్మదిగా, అరచేయి ఊపాడు. డబ్బాను మెట్టు మీద పెట్టి, చెప్పులు చప్పుడవుతాయేమోనని చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. తన చప్పుడు తనకే వినపడని మనిషి. మేడమ్ మళ్లీ పనిలోకి వంగి, "డబ్బా ఫ్రిజ్‌లో పెట్టకు. అందులో శాంపిళ్లున్నాయి," అంది. శనివారం వచ్చింది, పోయింది. ఆమె నన్ను పొమ్మనలేదు. సోమవారం ఆ ల్యాబ్ పేరు సర్‌కు ఇచ్చాను, సర్ ఒకసారి వచ్చి చూసి పోయారు. ఏడాది చివర సంతకం దొరికింది. నాయిన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. చర్చిలో కూడా ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి సేఠ్ ఎదురైనప్పుడు ఆయన చేతులు జోడించడం మానేసి ఊరికే తల ఊపేవాడని అమ్మ చెప్పింది.

చదువు, ఉద్యోగం, పెళ్లి, థాణేలో ఇల్లు, అన్నీ ఆ గుమ్మంలోంచే వచ్చాయి. మా ఆసుపత్రిలో నా గొంతుకు మంచి పేరు. పేషంట్లు భయపడకుండా చెబుతానంటారు. ఈ మధ్య శిక్షణ కోసం ఒక పిల్ల వచ్చింది. ముందు మెయిలు పంపింది, తర్వాత ఫోను చేసింది, ఆ తర్వాతే వచ్చింది. మా ఆసుపత్రిలో ఇప్పుడు శిక్షణ పనికొక బల్ల, ఒక మనిషి ఉన్నారు. ఏ ఊరని అడిగితే భివండి, కనేరి అంది. నేను వెంటనే ఆమె గొంతు కోసం చెవులు రిక్కించాను. ఎంత మెల్లగా మాట్లాడిందంటే నేనే రెండుసార్లు మళ్లీ అడగాల్సి వచ్చింది. మేము అంత అవస్థపడి నేర్చుకున్నది ఆ పిల్లకు పుట్టుకతోనే వచ్చింది. సంతోషించాను. ఇంటికి పోయాక ఎందుకో అన్నం సహించలేదు. నా మెల్లని గొంతుతో నేను నాయినకు ఎన్నో చెప్పాను. మనవడు పుట్టాడని, ఇల్లు కొన్నామని, పండక్కి రమ్మని. ఆయన నా పెదవులు చూసి నవ్వేవాడు, అరచేయి ఊపేవాడు. పాత గొంతు తెచ్చుకుందామని ఒకటి రెండుసార్లు చూశాను. రాలేదు. తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టు గాలి వచ్చింది, అంతే.

ఆఖరి రోజుల్లో నాయినను అద్దాల గదిలో పెట్టారు. ముక్కులో గొట్టం, చేతికి సూది. మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. అమ్మకు కళ్లు ఆనవు కాబట్టి కుర్చీలో కూర్చుని ఉంది. నేను అద్దం ఇవతల నిలబడి, చిన్నప్పుడు ఆయన అడిగినట్టే గడ్డం ఎగరేసి అడిగాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. సూది లేని చెయ్యి దుప్పటి మీద కొంచెం లేచింది. రెండు వేళ్లు దగ్గరగా వచ్చి, విడిపోయాయి. తర్వాతి మాట కోసం నేను అద్దానికి నుదురు ఆనించి ఎదురుచూశాను. ఆ బొటనవేలు కదలలేదు.

ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. మొన్న కనేరి గదిలో గిన్నెలు సంచిలోకి సర్దుతుంటే, అమ్మ ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుని అరిచి అడిగింది: "బిడ్డా, అద్దంలకెళ్లి నాయిన నీకేమో జెప్పిండు. నేను జూసిన, చెయ్యి లేసింది. వేళ్లే నా కండ్లకు ఆనలె. ఏం జెప్పిండే?" ఏం లేదమ్మా అన్నాను, నా ఆసుపత్రి గొంతుతో. "ఆఁ?" అంది. మళ్లీ అన్నాను. "ఆఁ?" అంటూ చెవి నా నోటి దగ్గరికి తెచ్చింది. కిటికీ తెరిచి ఉంది, బయట గోదాము దగ్గర లారీల మనుషులు నిలబడి ఉన్నారు. ఆ ముసలి చెవిని చూస్తుంటే నాలో ఏదో కొట్టుకుపోయింది.

"తెగిందన్నడే అమ్మా! తెగింది అన్నడు నాయిన!"

అది నా గొంతే. ఎక్కడుందో ఇన్నేళ్లు! లారీలవాళ్లు కిటికీ వైపు తిరిగారు. నేను ఏడుస్తున్నాను, కనేరి అంతా వినేలా ఏడుస్తున్నాను. అమ్మకు వినపడింది. మొదటి మాటకే వినపడింది. ఆమె నా ముఖం వైపు చూసి, నిదానంగా తల ఊపింది. ఎన్నేళ్లో తెగిన దారాలు కలిపిన ఆ వంకర చెయ్యి నా కళ్ల ముందుకు తెచ్చి, బొటనవేలిని చూపుడువేలి మీద తిప్పింది.